వడ్ల నుంచి రాకెట్ ఇంధనం దాకా: దేశాల నేర్పుకి ఒక కొలబద్ద

విద్యార్థి సంఘం వారు వార్షిక సంచికకి అర్థశాస్త్రం మీద ఏదైనా రాయమన్నారు. "అందరికీ అర్థమయ్యేలా ఉండాలండీ" అని ఒక షరతు కూడా పెట్టారు. మా శాస్త్రం వాళ్ళకి అదే కాస్త కష్టం. ఐనా ప్రయత్నిస్తాను. గడచిన ఇరవయ్యేళ్ళలో అర్థశాస్త్రంలోకి వచ్చిన కొత్త భావాల్లో మన గోదావరి డెల్టా వాళ్ళం తప్పక తెలుసుకోదగ్గది ఒకటుంది. దాని పేరు ఆర్థిక సంక్లిష్టత.

పేరు చూసి బెదరకండి. సంక్లిష్టత అనగానే చిక్కుముడి గుర్తొస్తుంది గాని, ఇక్కడ దాన్ని అల్లిక అని అర్థం చేసుకోవాలి. ఒక దేశంలో ఎన్ని రకాల నేర్పులున్నాయి, ఆ నేర్పులు ఒకదానితో ఒకటి ఎంతగా అల్లుకుని వస్తువులుగా బయటికొస్తున్నాయి అన్నది కొలిచే ప్రయత్నం ఇది. ఆ కొలతకీ దేశాల అభివృద్ధికీ ఉన్న సంబంధమేమిటో, దాన్నిబట్టి మన ప్రాంతం గురించి ఏం తెలుస్తుందో చెప్పడమే ఈ వ్యాసం పని.

తలసరి ఆదాయం చెప్పని సంగతి

ఒక ఊళ్ళో ఇద్దరున్నారనుకుందాం. ఇద్దరికీ ఏడాదికి అయిదేసి లక్షల ఆదాయం. ఒకాయనకి అది పొలం మీద కౌలు రూపంలో వస్తుంది. రెండో ఆయన లేతు మిషను నడుపుతాడు, మోటార్లు చుడతాడు, పంపులు బాగుచేస్తాడు. తలసరి ఆదాయం లెక్కలో ఇద్దరూ సమానమే. కాని కాలవకి నీళ్ళు రాని ఏడాది మొదటాయన కౌలు పోతుంది. రెండో ఆయన మోటార్ల పని తగ్గితే ఇంకో పని అందుకుంటాడు. అతని సంపాదన చేతిలోనూ బుర్రలోనూ ఉంది.

దేశాల సంగతీ అంతే. చమురు అమ్ముకుని ధనవంతమైన దేశాలున్నాయి, యంత్రాలు చేసి ధనవంతమైన దేశాలున్నాయి. ఆదాయం ఒక్కటే చూస్తే వాటి మధ్య తేడా కనపడదు. ఆ తేడాని అంకెల్లో చూపించాలని పూనుకున్నవాళ్ళు ఇద్దరు: వెనిజులాకి చెందిన అర్థశాస్త్రవేత్త రికార్డో హౌస్మన్, చిలీకి చెందిన భౌతికశాస్త్రవేత్త సీజర్ హిడాల్గో. వెనిజులా బతుకు చమురు మీద, చిలీ ఎగుమతులు ముఖ్యంగా రాగి మీద ఆధారపడ్డవి. ఒకే సరుకుని నమ్ముకోవడమంటే ఏమిటో వాళ్ళకి ఇంట్లోనే తెలుసన్నమాట. వాళ్ళిద్దరూ 2009లో ప్రచురించిన పరిశోధనతో ఈ కొలత ప్రసిద్ధికెక్కింది.

పూతరేకు పాఠం

ఇందులోని మూలసూత్రం మన ఆత్రేయపురం పూతరేకులో దొరుకుతుంది. రేకు కావాలంటే ఏం కావాలి? తగిన బియ్యం, సరైన పలచనలో పిండి, బోర్లించడానికి నున్నటి కుండ, దాని కింద ఒకే తీరున మండే మంట, తడిపిన గుడ్డని కుండ మీద ఒక్క లాగు లాగే ఆడవాళ్ళ చెయ్యి. ఆ తరవాత నెయ్యి, బెల్లం, చుట్టే నేర్పు. కుమ్మరికి రేకు తియ్యడం రాదు, రేకు తీసే అమ్మకి కుండ చెయ్యడం రాదు. ఒక్కటి లేకపోయినా పూతరేకు లేదు.

దీంట్లోంచి రెండు సంగతులు గ్రహించాలి. ఒకటి, ఒక వస్తువులో ఇమిడి ఉన్న జ్ఞానం ఒక్క మనిషి దగ్గర ఉండదు, పదిమంది దగ్గర పంచుకుని ఉంటుంది. రెండు, ఆ జ్ఞానంలో చాలా భాగం పుస్తకంలోకి ఎక్కదు. పూతరేకు చేసే విధానం ఒక పేజీలో రాసెయ్యచ్చు. ఆ పేజీ చదివి గుడ్డ లాగి చూడండి, తెలుస్తుంది! ఆత్రేయపురం పూతరేకుకి 2023లో భౌగోళిక గుర్తింపు రావడానికి కారణం ఊరి చేతుల్లో ఉన్న ఈ నేర్పే.

ఇక విమానం ఇంజను, మందుబిళ్ళ, గడియారం - వీటిలో ఇలాంటి నేర్పులు వందలూ వేలూ అల్లుకుని ఉంటాయి. ఏ దేశంలో ఎక్కువ నేర్పులుంటే ఆ దేశం ఎక్కువ రకాల వస్తువులు, అందులోనూ ఇతరులు చెయ్యలేనివి, చేస్తుంది. నేర్పు కంటికి కనపడదు, వస్తువు కనపడుతుంది. అంచేత వస్తువుని చూసి నేర్పుని అంచనా కట్టాలి.

కొలిచే పద్ధతి

ముందుగా ఒక పెద్ద పట్టిక గీస్తారు. వరసల్లో దేశాలు, నిలువు గళ్ళలో సరుకులు. ఒక దేశం ఒక సరుకుని "బాగా" ఎగుమతి చేస్తోందా లేదా అన్నది తేల్చాలి. దానికి బేలా బలాస్సా అనే అర్థశాస్త్రవేత్త 1965లో చెప్పిన పరీక్ష వాడతారు. ప్రపంచ వ్యాపారంలో ప్రతి వెయ్యి రూపాయల్లో రొయ్యలవి ఒక్క రూపాయి అనుకోండి. ఒక దేశం ఎగుమతుల్లో వెయ్యికి పది రూపాయలు రొయ్యలవైతే ఆ నిష్పత్తి పది. ఒకటి దాటితే ఆ గడిలో 1 వేస్తారు, దాటకపోతే సున్న.

ఇప్పుడు వరస కూడితే ఆ దేశం ఎన్ని సరుకులు చేస్తోందో తెలుస్తుంది. దీన్ని వైవిధ్యం అందాం. నిలువు గడి కూడితే ఆ సరుకుని ఎన్ని దేశాలు చేస్తున్నాయో తెలుస్తుంది. దీన్ని వ్యాప్తి అందాం.

ఒక ఊహాలెక్క చేద్దాం. పది ఊళ్ళున్నాయి. పదీ వడ్లు అమ్ముతాయి, ఎనిమిది కొబ్బరి అమ్ముతాయి, ఆరు అరటి అమ్ముతాయి, ఒక్క ఊరు మాత్రం కాగితం అమ్ముతుంది. మొదటి ఊరు వడ్లు, కొబ్బరి, అరటి అమ్ముతుంది. రెండోది వడ్లు, కొబ్బరి, కాగితం అమ్ముతుంది. వైవిధ్యం రెండింటికీ మూడే. కాని మొదటి ఊరి సరుకుల సగటు వ్యాప్తి పది, ఎనిమిది, ఆరు కలిపి మూడుతో భాగిస్తే 8. రెండో ఊరికి పది, ఎనిమిది, ఒకటి కలిపి భాగిస్తే 6.3. వ్యాప్తి తక్కువంటే అందరికీ రాని పని చేస్తోందన్నమాట.

"ఐతే మాస్టారూ, వజ్రాలు కూడా అందరూ అమ్మరు గదా" అని మీరడగచ్చు. మంచి ప్రశ్న. అరుదైనదల్లా నేర్పుతో వచ్చినది కాదు, అదృష్టంతో దొరికినదీ కావచ్చు. అందుకే లెక్క ఇంకో అడుగు వేస్తుంది: ఆ అరుదైన సరుకు అమ్మే దేశాలు ఇంకా ఏమేం అమ్ముతున్నాయి? ముడి వజ్రాలు అమ్మే బోట్స్వానా అవి కాక అమ్మేవి కొద్ది రకాలే. సూక్ష్మ యంత్రపరికరాలు అమ్మే జపాను, జర్మనీలు వాటితోపాటు వందల రకాలు అమ్ముతాయి. కాబట్టి వజ్రానికి మార్కులు తగ్గుతాయి, యంత్రానికి పెరుగుతాయి. ఇలా దేశాన్నిబట్టి సరుకునీ, సరుకునిబట్టి దేశాన్నీ మళ్ళీ మళ్ళీ దిద్దుకుంటూ పోతే చివరికి ఒక అంకె నిలకడగా తేలుతుంది. అదే ఆర్థిక సంక్లిష్టతా సూచిక. జపాను, స్విట్జర్లాండ్, దక్షిణ కొరియా, జర్మనీ వంటివి ఈ జాబితాలో పై వరసలో ఉంటూ వచ్చాయి.

అభివృద్ధితో దీనికేం సంబంధం? సూచిక ఎక్కువున్న దేశాలు సాధారణంగా ధనికమైనవే. అంతకంటే ముఖ్యమైనది ఇంకోటి. ఆదాయానికి మించిన నేర్పున్న దేశాలు తరవాతి ఏళ్ళలో వేగంగా పెరిగే అవకాశం ఎక్కువనీ, నేర్పుకి మించిన ఆదాయమున్నవి మందగించే అవకాశం ఎక్కువనీ ఈ పరిశోధకులు చూపించారు. అంటే నేర్పు ముందు, ఆదాయం వెనక.

మన డెల్టా లెక్క

ఇప్పుడు మన సంగతికొద్దాం. ఆనకట్టకి ముందు ఇది అన్నపూర్ణ కాదు. కరువుల వల్ల, వలసల వల్ల రాజమండ్రి జిల్లా జనాభా 1821లో 7,38,308 ఉన్నది 1841కి 5,61,041కి పడిపోయింది. 1847లో మొదలై 1852కి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట ఆ కథని తిప్పేసింది. కాటన్ దొరని మనం ఇప్పటికీ తలుచుకోవడం న్యాయమే. కాని సూచిక భాషలో చెప్పాలంటే నీరు వచ్చింది, పంట పెరిగింది, సంపద వచ్చింది. సరుకు మాత్రం చాలాకాలం ఆ వడ్లే. వడ్లు పండించే దేశాలు ఎన్నో ఉన్నాయి.

మరి డెల్టాలో అల్లిక లేదా? ఉంది. దానికి నాకు తెలిసినంతలో మంచి ఉదాహరణ తణుకు. ముళ్ళపూడి హరిశ్చంద్రప్రసాద్ గారు 1947లో అక్కడ ఆంధ్రా షుగర్స్ స్థాపించారు. చెరకు నుంచి పంచదార వస్తే మడ్డి మిగులుతుంది. మడ్డి నుంచి ఆల్కహాలు. ఆల్కహాలు నుంచి ఎసిటిక్ ఆమ్లం. అది చెయ్యడం వస్తే ఆస్పిరిన్ దగ్గరే. ఇంకోవైపు గంధకామ్లం, కొవ్వూరులో కాస్టిక్ సోడా, క్లోరిన్. ఇలా రసాయనాల్ని జాగ్రత్తగా పట్టుకోవడం అలవాటైన సంస్థ, ఇస్రో పరిజ్ఞానం తీసుకుని, తణుకులోనే రాకెట్లకి ద్రవ ఇంధనం తయారుచేసింది. పి.ఎస్.ఎల్.వి. రెండో అంచెలో ఉండే వికాస్ ఇంజను ఈ తరహా ఇంధనం మీదే నడుస్తుంది.

చెరకుగానుగ నుంచి రాకెట్ దాకా ఎవరూ ఒక్క గెంతు గెంతలేదు. ప్రతి అడుగూ ముందు అడుగుకి పక్కనే ఉంది. హౌస్మన్, హిడాల్గో తమ సహచరులతో కలిసి 2007లో ప్రచురించిన వ్యాసంలో సరిగ్గా ఇదే చెప్పారు. సరుకుల్ని ఒక అడవిలో చెట్లుగా, సంస్థల్ని కోతులుగా ఊహించుకోమన్నారు. కోతి దగ్గర కొమ్మకే గెంతగలదు. కొన్ని చెట్లు దట్టంగా ఉంటాయి - యంత్రాలు, రసాయనాలు, ఎలక్ట్రానిక్ సామాను. కొన్ని విడివిడిగా దూరంగా ఉంటాయి - చమురు, ముడి ఖనిజాలు, చాలా పంటలు. దూరపు చెట్టు మీద ఎంత పండున్నా అక్కడి నుంచి గెంతడానికి కొమ్మ దొరకదు.

రాజమండ్రి రత్నం కలం కూడా ఈ వరసలోదే. 1930ల తొలి రోజుల్లో కె.వి. రత్నం గారు స్వదేశీ కలం చెయ్యడానికి పూనుకున్నారు. 1935లో గాంధీగారు దాన్ని వాడి మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. బంగారు పాళీ చెయ్యాలంటే కంసాలి చెయ్యి కావాలి. నగల పని తెలిసిన ఊళ్ళో కలం పుట్టడంలో వింతేముంది?

రొయ్య నేర్పిన సంగతి

ఇవాళ డెల్టా పేరు ప్రపంచ బజారులో వినపడుతోందంటే అది రొయ్య వల్ల. 2023-24లో మన దేశం 17.81 లక్షల టన్నుల సముద్రోత్పత్తులు, సుమారు 60,523 కోట్ల రూపాయల విలువైనవి, ఎగుమతి చేసింది. విలువలో మూడింట రెండు వంతులు శీతలీకరించిన రొయ్యలే. పెంచిన రొయ్యల్లో ఆంధ్రప్రదేశ్‌దే పెద్ద వాటా, అందులో భీమవరం చుట్టుపక్కల చెరువులకి పెద్దపీట.

చెరువు తవ్వడం కూడా అల్లికే అని ఒప్పుకోవాలి. హేచరీలు వచ్చాయి, మేత మిల్లులు వచ్చాయి, ఏరేటర్లు బిగించేవాళ్ళూ బాగుచేసేవాళ్ళూ వచ్చారు. నీటి పరీక్షలు చేసే లాబులు, ఐసు ఫ్యాక్టరీలు, వలిచి గడ్డకట్టించి పెట్టెల్లో సర్దే ప్లాంట్లు వచ్చాయి. వరి కంటే ఇది ఎక్కువ నేర్పులున్న వ్యవహారం.

కాని మొదటి పోగు ఎక్కడుందో చూడండి. 1990ల మొదట్లో టైగర్ రొయ్య కనకవర్షం కురిపించింది. 1994-95లో తెల్లమచ్చ వైరస్ వచ్చి చెరువులు ఖాళీ అయ్యాయి. 2009లో వనామీకి అనుమతి వచ్చాక మళ్ళీ ఊపు వచ్చింది. ఈ వనామీ మన సముద్రపు రొయ్య కాదు. రోగం లేని తల్లిరొయ్యల్ని హవాయి, ఫ్లోరిడా వంటి చోట్ల నుంచి విమానంలో తెప్పించి, చెన్నైలో క్వారంటైనులో పెట్టి, హేచరీలకిస్తూ వచ్చారు. తరతరాలుగా మేలురకం ఎంచి తల్లిరొయ్యని తయారుచేసే విద్య అక్కడుంది, చెరువు మాత్రం ఇక్కడుంది. ఈ లోటు తీర్చడానికే చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి జలజీవ పరిశోధన సంస్థ మన దేశవాళీ తెల్ల రొయ్య మీద జాతి అభివృద్ధి కార్యక్రమం మొదలుపెట్టింది.

అవతలి కొసనీ చూడాలి. సరుకులో పెద్ద భాగం ఒకే దేశానికి, అమెరికాకి, పోతోంది. 2025 ఆగస్టులో ఆ దేశం మన సరుకుల మీద అదనపు సుంకాన్ని 50 శాతానికి పెంచింది. వాషింగ్టన్‌లో సంతకం పడితే ఇక్కడ చెరువుగట్టు మీద కౌంటు ధర పడింది. రైతు కష్టంలో లోపం లేదు, ఎకరానికి దిగుబడిలో లోపం లేదు. అటు తల్లిరొయ్యా మన చేతిలో లేదు, ఇటు బజారూ మన చేతిలో లేదు. కోట్లు తిరిగే వ్యాపారం కూడా ఇంత నాజూగ్గా ఉండగలదని ఆ ఏడాది మనకి తెలిసొచ్చింది.

కొలబద్దకి అందనివి

ఈ సూచికని నేను మెచ్చుకుంటున్నాను గాని దేవుణ్ణి చెయ్యడంలేదు. దాని లోపాలూ మన డెల్టా నుంచే చూపిస్తాను.

మొదటిది, అది ముఖ్యంగా ఓడెక్కే సరుకునే లెక్కపెడుతుంది. 1925 నుంచి పనిచేస్తున్న మారుటేరు వరి పరిశోధన కేంద్రం 1982లో స్వర్ణ అనే వంగడాన్ని ఇచ్చింది. ఎం.టి.యు. 7029 అంటారే, అదే. అందులో ఎం.టి.యు. అన్నది మారుటేరు పేరే. ఆ విత్తనం ఒరిస్సా, బెంగాలు, బీహారు పొలాల్లోకీ, బంగ్లాదేశ్‌కీ పాకింది. దాన్నే తీసుకుని మనీలా దగ్గరి అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వారు సుమారు రెండు వారాలు నీట మునిగినా బతికే రకం తయారుచేశారు. డెల్టా ప్రపంచానికి ఇచ్చిన గొప్ప జ్ఞానం ఇది. కాని ఏ కస్టమ్స్ పుస్తకంలోనూ దీని పద్దు లేదు. అలాగే సాఫ్ట్‌వేర్ వంటి సేవలు కూడా మొదట వేసిన లెక్కల్లోకి రాలేదు.

రెండోది, ఆ నేర్పు ఫలం ఎవరికి దక్కిందో అది చెప్పదు. సంక్లిష్టత హెచ్చిన దేశాల్లో ఆదాయాల వ్యత్యాసం సాధారణంగా తక్కువగా ఉంటుందని 2017లో ఒక పరిశోధన తేల్చింది. మంచిదే. కాని మన నర్సాపురం లేసు సంగతి చూడండి. క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చిన ఈ విద్య ఇంటింటికీ పాకి, విదేశాలకి ఎగుమతయ్యే వ్యాపారమైంది. జర్మన్ సామాజికశాస్త్రవేత్త మరియా మీస్ ఇక్కడికొచ్చి పరిశోధించి 1982లో పుస్తకం రాశారు. రోజంతా కుట్టే స్త్రీని "తీరిక వేళ కాలక్షేపం చేసే గృహిణి" అనడం వల్ల ఆమె కూలి నామమాత్రంగా మిగిలిందనీ, లాభం వ్యాపారులకి పోయిందనీ ఆమె చూపించారు. వస్తువులో నేర్పుండటం ఒకటి, ఆ నేర్పున్న మనిషికి విలువ దక్కడం ఇంకొకటి.

మూడోది కోనసీమ గ్యాసు. ఇది సూచిక చెప్పిన దాన్నే బలపరుస్తుంది. 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకి పైగా మండింది. 2014 జూన్‌లో నగరం గ్రామంలో పైపులైను పేలి ప్రాణాలు పోయాయి. నేల కింద సంపదున్నంత మాత్రాన ఊరికి పని దొరకదు. దాన్ని ఎరువుగానో రసాయనంగానో మార్చే నేర్పు పక్కనే పెరగాలి. లేకపోతే గ్యాసు పైపులో పోతుంది, ప్రమాదం ఊళ్ళో ఉంటుంది.

విద్యార్థులకి ఒక మనవి

నేర్పు ఎలా వస్తుందన్నదానికి బంగ్లాదేశ్ కథ ఒకటి చెప్పి ముగించే దారిలో పడతాను. 1979లో అక్కడి దేశ్ గార్మెంట్స్ అనే సంస్థ సుమారు 130 మందిని దక్షిణ కొరియాకి, దేవూ కంపెనీ ఫ్యాక్టరీకి, శిక్షణకి పంపింది. ఆర్నెల్లు పని నేర్చుకుని వచ్చారు. తరవాతి ఏళ్ళలో వాళ్ళలో చాలామంది బయటికెళ్ళి సొంత ఫ్యాక్టరీలు పెట్టారు, లేదా ఇతర ఫ్యాక్టరీల్లో చేరి నిలబెట్టారు. ఇవాళ బంగ్లాదేశ్ ప్రపంచంలోని పెద్ద బట్టల ఎగుమతిదార్లలో ఒకటి. యంత్రాలు డబ్బిస్తే దొరుకుతాయి. నేర్పు మాత్రం మనిషి వెంట నడిచి వస్తుంది.

మన డెల్టా నుంచి ఏటా నేర్పున్న పిల్లలు హైదరాబాదుకీ, బెంగుళూరుకీ, అమెరికాకీ పోతున్నారు. వెళ్ళడం తప్పని నేననను. ఆ 130 మందీ వెళ్ళినవాళ్ళే. కాని తిరిగొచ్చేవాడికి పక్కన అల్లుకోవడానికి ఇంకో నాలుగు నేర్పులు ఇక్కడ ఉండాలి. ఒక్కడే వచ్చి ఏం చేస్తాడు? తల్లిరొయ్యల జన్యువిద్య తెలిసినవాడు వస్తే అతనికి లాబు కావాలి, లాబుకి పరికరాలు బాగుచేసేవాడు కావాలి, నమ్మి పెట్టుబడి పెట్టే రైతు కావాలి. డెల్టాలో డబ్బుంది, నీళ్ళున్నాయి, చదువుంది. కలిపే ప్రయత్నం తక్కువ.

అందుకని మిత్రులకి ఒక పని అప్పగిస్తున్నాను. వచ్చే సెలవల్లో నలుగురు నలుగురు చొప్పున మీ మండలాలకి వెళ్ళండి. కడియం నర్సరీల్లో అంటుకట్టేవాడి దగ్గర్నుంచి భీమవరంలో ఏరేటరు బాగుచేసే మెకానిక్ దాకా, ఎవరికి ఏ పని వచ్చో రాసుకోండి. ఆ పని ఇంకా ఎన్ని ఊళ్ళలో ఉందో, దానికి కావలసిన సామాను ఎక్కడి నుంచి తెస్తున్నారో, చేసిన మనిషికి చేతికెంత వస్తోందో అడగండి. పైన చెప్పిన పట్టికలో వెయ్యండి. అర్థశాస్త్రం, రసాయనం, వృక్షశాస్త్రం, కామర్సు విద్యార్థులు కలిసి చెయ్యాల్సిన పని ఇది. లెక్క కట్టడానికి మా శాఖవాళ్ళం సాయపడతాం. వచ్చే ఏడాది సంచికలో ఆ పట్టిక అచ్చు వేద్దాం. అందులో ఏ గడులు నిండి ఉన్నాయో, ఏవి ఖాళీగా ఉన్నాయో చూస్తే, తణుకులో పడినట్టు తరవాతి అడుగు ఎక్కడ పడాలో మనకే తెలుస్తుంది.